పనిముట్టు వాడువానిది



నేడు నేను ప్రసంగింపబోవు విషయము నా వయస్సునకును, నేను నేర్చిన చదువునకును తగినది కాదని మీలో కొందరికి తోపవచ్చును. బాల్యమున గురువుగారి యెదుట శబ్దమంజరిని, అమరమును వల్లించి, ఆ మీదట ముప్పది యేండ్లకు పైగా ప్రళయకావేరి గట్టుననున్న పల్లెబడులలో పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. మా ప్రాంతమువారు పులికాటు సరస్సును ప్రళయకావేరి యనుట వాడుక. అట్టివాడు సాఫ్ట్‌వేరును గూర్చియు, దానితో వ్యాపారము చేయువారిని గూర్చియు ఏమి చెప్పగలడని మీరడుగవచ్చును. యంత్రము లోపల ఏమి జరుగునో నేను చెప్పబోను. అది చెప్పుటకు తెలిసినవారు పలువురు గలరు. యంత్రమునకు ఈవలి వైపున, దానిని చేతబట్టుకొని కూర్చున్న మనుష్యునికి ఏమి జరుగునో దానిని మాత్రము చెప్పెదను. ఆ వైపున నేనును ఉన్నాను, మీరును ఉన్నారు.

సాఫ్ట్‌వేరు అనగా కంప్యూటరునకుగాని చేతిలోని ఫోనునకుగాని ఏ పని ఏ వరుసను చేయవలెనో తెలుపు ఆజ్ఞల సముదాయము. ఆ యాజ్ఞలు మన కంటికి కనబడవు. మనకు కనబడునవి తెరమీది అక్షరములు, బొమ్మలు, నొక్కవలసిన మీటలు. బస్సు టిక్కెట్టు కొనుటకును, బ్యాంకులోని సొమ్ము చూచుకొనుటకును, పింఛనుదారుడు తాను జీవించియున్నానని ధ్రువపరచుటకును నేడు ఈ మీటలే ద్వారములు. ద్వారము ఇరుకైనచో లోపల ఎంత ధనమున్నను బయటివానికి దక్కదు.

పతంజలి మహాభాష్యమున ఒక చమత్కారమైన మాట చెప్పియున్నాడు. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోయి కుండ చేసి యిమ్మని కోరును గాని, మాటలాడవలసినవాడు వైయాకరణుని యింటికి పోయి మాటలు చేసి యిమ్మని కోరడని దాని తాత్పర్యము. మాటలు లోకమున ముందే యున్నవి. వైయాకరణుడు వానిని విని సూత్రములు కట్టును. నా యూహలో సాఫ్ట్‌వేరు చేయువాడు సగము కుమ్మరి, సగము వైయాకరణుడు. కుమ్మరివలె కోరినవానికి వస్తువు చేసి యిచ్చి వెల పుచ్చుకొనును. కాని ఆ వస్తువు ఎట్లుండవలెనో తెలియుటకు వైయాకరణునివలె లోకులు వాడుక చేయు తీరును ముందుగా వినవలెను. ఈ రెండవ సగమును మరచినవాని పని యేమగునో నా కన్నుల యెదుట జరిగిన యొక వృత్తాంతము నాకు తెలిపినది. దానినే ముందు చెప్పెదను.

పులికాటు మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలికాకు తరువాత రెండవది. ఆంధ్ర తమిళ రాష్ట్రముల నడుమ వ్యాపించి, తూర్పున శ్రీహరికోట దీవిచేత సముద్రమునుండి వేరుపడియున్నది. నీటికి లోతు తక్కువ. పెక్కు తావులలో గడ వేసినచో నేల తగులును. ఆ నీటిలోని రొయ్యలు, పీతలు, చేపలు వేలాది కుటుంబములకు జీవనాధారము. జాలరి వలకును పడవకును సొమ్ము చాలక వర్తకునివద్ద ముందుగా అప్పు తెచ్చుకొనును. పట్టిన సరుకును ఆ వర్తకునికే వేయుచు అప్పు తీర్చుకొనుచుండును. ఆ లెక్కయంతయు వర్తకుని పుస్తకమున నుండును. జాలరివద్ద చీటీ ముక్కయైన నుండదు. ఏడాది చివర ఇంకను ఎంత బాకీయున్నదో వర్తకుడు చెప్పినదే లెక్క.

నా శిష్యుడొకడు చెన్నపట్టణమున ఇంజనీరు చదువు చదివి, కొన్నియేండ్లుద్యోగము చేసి, సొంత వ్యాపారము పెట్టవలెనను తలంపుతో సూళ్లూరుపేటకు తిరిగి వచ్చెను. జాలరి ఏ దినమున ఎంత సరుకు వేసినాడు, ఎంత జమ అయినది, ఎంత మిగిలినది ఫోనులోనే వ్రాసి చూపు సాఫ్ట్‌వేరొకటి చేసెను. తలంపు మంచిది. ఒక వర్తకుడు దానికి వెల యిచ్చుటకు ఒప్పుకొనెను. జాలరులకు ఉచితముగానే పంచిరి. ఆరు నెలలు గడచినను దానిని వాడినవాడు లేడు. ఒకనాటి సాయంకాలము ఆ శిష్యుడు మా యింటి అరుగుమీద కూర్చుండి, నిట్టూర్చి, “అయ్యవారూ, మనవాళ్లకు చదువు లేదు. ఎంత మంచిది చేసిచ్చినా వాళ్లు వాడలేరు” అనెను.

ఆ మాట నాకు ములుకువలె నాటినది. ఏలయన ముప్పదియైదేండ్ల క్రిందట అదే మాట నేను చెప్పియుంటిని.

అప్పుడు నేనున్నది చిన్న బడి. తెలుగుతోపాటు లెక్కలును నేనే చెప్పవలసి వచ్చెడిది. నా తరగతిలో ఒక జాలరి బాలుడుండెను. ఒక తొట్టిలోనికి రెండు గొట్టములనుండి నీరు వచ్చుచుండగా అది యెంత సేపటికి నిండునను లెక్క వానికెన్నిమారులు చెప్పినను రాలేదు. ఒకనాడు విసిగి, అందరి యెదుట, “నీకు చదువు రాదు” అంటిని. వాడు మరునాడు బడికి రాలేదు. ఆ తరువాతను రాలేదు. కొన్నినెలలకు నేను రేవువైపు పోవుచుండగా వాడు గట్టుమీద నిలువబడి ఆరుగురు మనుష్యులకు ఆనాటి రాబడి పంచుచుండెను. పడవకొక వంతు, వలకొక వంతు, గడవేసినవానికి ఇంత, సగము దినము మాత్రమే వచ్చినవానికి ఇంత. కాగితము లేదు, బలపము లేదు. ఒక్క రూపాయి తప్పలేదు. నేను చూచి, మాటలాడక ఇంటికి వచ్చితిని. వానిని పిలిచి మరల బడికి రమ్మనవలసినది. పిలువలేదు. లెక్క రాకపోయినది వానికి కాదు, వానికి తెలిసిన లోకముతో లెక్కను కలిపి చెప్పుట నాకు రాలేదు.

ఇట్టి పొరపాటు బడులలోనే కాక, మిక్కిలి పెద్ద పనులయందును జరిగియున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికావారి బి-17 అను బాంబు విమానములలో ఒక వింత ప్రమాదము మాటిమాటికి సంభవించుచుండెను. విమానము క్షేమముగా నేలమీద దిగిన పిమ్మట చోదకుడు రెక్కల పలకలను ముడుచు మీటకు బదులుగా చక్రములను ముడుచు మీటను కదపెడివాడు. విమానము పొట్టమీద కూలబడెడిది. అందరును చోదకుని అజాగ్రత్త యనిరి. 1943లో ఆల్ఫాన్స్ చాపానిస్ అను మనస్తత్వ శాస్త్రవేత్త ఆ విమానములోనికెక్కి చూచెను. ఆ రెండు మీటలును పక్కపక్కనే, ఒకే రూపమున నున్నవి. ఆయన చక్రముల మీటకు చిన్న రబ్బరు చక్రమును, పలకల మీటకు పలకవంటి కొసను తగిలించెను. చేతికి తగిలినంతనే ఏది ఏదో తెలియనారంభించెను. ప్రమాదములు నిలిచిపోయినవి. చోదకులకు క్రొత్తగా బుద్ధి చెప్పినవాడెవడును లేడు. మారినది మీట మాత్రమే.

ఈ కథను శిష్యునికి చెప్పి, “నాయనా, చాపానిస్ విమానమెక్కెను. నీవు పడవయెక్కవలెను. రేపు తెల్లవారుజామున నాతో రమ్ము” అంటిని. వానిని తీసికొనిపోయినది ఎవరివద్దకో మీరు గ్రహించియే యుందురు. ఆ బాలుడు నేడు నలువదియైదేండ్లవాడు. సొంత పడవ కలవాడు. నన్ను చూచి, పంచె కొసతో పలక తుడిచి, “కూర్చోండి అయ్యవారూ” అని చోటిచ్చి, నవ్వుచు, “ఆ తొట్టి లెక్క ఈ పొద్దుకీ రాదు నాకు” అనెను. నేను తలవంచుకొంటిని.

ఆ ఉదయము మేము ముగ్గురము నీటిమీద మూడు గంటలుంటిమి. శిష్యుడు తన సాఫ్ట్‌వేరును వాని చేతికిచ్చి, నా యాన ప్రకారము, నోరు మెదపక చూచుచు కూర్చుండెను. మేమక్కడ చూచినదానిని వరుసగా చెప్పెదను. ఈ విద్యయొక్క సారమంతయు అందులోనే యున్నది.

మొదట చేతులు. వల తీసిన చేతులు తడిగానుండును. “తడి చేత్తో ఎంత నొక్కినా ఈ అద్దం నా మాట వినదు అయ్యవారూ” అనెను. రెండవది యెండ. గదిలో దీపము క్రింద చక్కగా కనబడిన లేతరంగు అక్షరములు సరస్సుమీది వెలుతురులో మాసిపోయినవి. మూడవది గడ. ఒక చేత గడ పట్టినవానికి మిగిలినది ఒక చేయియే. ఆ సాఫ్ట్‌వేరు రెండు బొటనవ్రేళ్లు కోరుచుండెను. నాలుగవది, సరస్సు నడుమ ఫోనునకు సంకేతము లేదు. తెరమీద చిన్న చక్రమొకటి తిరుగుచునేయుండెను. అంతవరకు వ్రాసినది మాయమయ్యెను. అయిదవది తూకము. సాఫ్ట్‌వేరు కిలోలలో అడుగుచున్నది. పడవమీద ఉన్నది తట్టల లెక్క. కిలోలు పుట్టునది గట్టుమీద వర్తకుని కాటాలో. ఆరవది పేరు. మొదటి పేరు ఒక గడిలో, చివరి పేరు ఒక గడిలో వ్రాయుమని యున్నది. మనకు ఇంటిపేరు ముందుండును గదా! “ఇంటిపేరు మొదటిదా, చివరిదా?” అని యతడడిగిన ప్రశ్నకు ఇంజనీరువద్ద సమాధానము లేదు. పాశ్చాత్యుల పేరునకు కుట్టిన చొక్కాను మన పేరునకు తొడిగినారు.

ఏడవది చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. లెక్క ముగించి బయటికి వచ్చు మీటమీద ‘నిష్క్రమింపుము’ అని యుండెను. తప్పు వ్రాసినపుడు ‘చెల్లని ప్రవేశము’ అని యెఱ్ఱని అక్షరములు వచ్చుచుండెను. “నిష్క్రమింపుమా? అంటే ఏంది అయ్యవారూ?” అని అతడు నన్నడిగెను. ఆ మాటలు శిష్యునికి కూర్చి యిచ్చినవాడను నేనే. తెలుగు మాటలు కావలెనని వాడు వచ్చి కోరగా, నిఘంటువు ముందు పెట్టుకొని, సంతోషముగా ఒక కాగితము నిండ వ్రాసియిచ్చితిని. వ్యాకరణమున దోషము లేదు. కాని ‘ప్రవేశము’ అనగా అతనికి గుడిలోనికి పోవుట. జమ, బాకీ, వంతు, తట్ట, చాలు అను మాటలు అతని నోట నున్నవి. వానిని వినుటకు నేను రేవుకు పోలేదు. పతంజలి మాటను పాఠము చెప్పినవాడనే పతంజలి మాటను మరచితిని.

భాష విషయమున నావంటి పండితుడే కాదు, జగత్ప్రసిద్ధమైన సంస్థయు తప్పటడుగు వేసియున్నది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఫోనులు ఒక తెలుగు అక్షరముచేత స్తంభించినవి. ‘జ్ఞానము’ అను పదమందలి మొదటి అక్షరమైన ‘జ్ఞా’యే అది. దాని కూర్పులో కంటికి కనబడని యొక సంజ్ఞ చేరినపుడు, ఆ యక్షరముగల సందేశము వచ్చినంతమాత్రమున సందేశములు చూపు సాధనము మూతపడుచుండెను. ఫిబ్రవరి 19న సంస్థవారు దిద్దుబాటు ప్రకటించిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షల మంది. జకారమునకు ఞకారము ఒత్తుగా వచ్చుట మనకు రెండవ తరగతి పాఠము. కాని అక్షరములను తెరమీద గీయు సాఫ్ట్‌వేరును ఒక భాషలో పరీక్షించి వేరొక భాషకు చాలునని తలంచినచో ఇట్టివి తప్పవు. వాడుకరి భాష సాఫ్ట్‌వేరునకు పైపూత కాదు. పునాదిలోనే దానికి చోటుండవలెను.

ఇక మేలైన ఉదాహరణములు చూతము. అవియు మా నీటికి దగ్గరనే యున్నవి. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునపుడు మా రేవులవారందరును చేతులు కనులకడ్డము పెట్టుకొని చూతురు. 2009 సెప్టెంబరు 23న అక్కడినుండి లేచిన ఓషన్‌శాట్-2, 2022 నవంబరు 26న లేచిన ఆ వరుసలోని మూడవ ఉపగ్రహము సముద్రపు రంగును కొలుచుటకై పంపబడినవి. సముద్రమున కంటికి కనబడని పచ్చని మొక్కలవంటి జీవులు ఎచట దట్టముగా నుండునో అచట నీటి రంగు మారును. వానిని తినుటకు చిన్న చేపలు, చిన్నవానిని తినుటకు పెద్ద చేపలు చేరును. నీటి వేడిమిలో భేదము కనబడు చోట్లును అట్టివే. 1999లో హైదరాబాదున స్థాపింపబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమువారు ఈ రెండింటిని కలిపి చూచి, చేపలు దొరకుటకు అవకాశమున్న తావులను ప్రకటింతురు.

ఇందులో విజ్ఞానము గొప్పదే. కాని నన్ను మెప్పించినది వారు చెప్పు తీరు. అక్షాంశ రేఖాంశములు వ్రాసి యూరకుండలేదు. ఒక్కొక్క రేవు పేరు వ్రాసి, ఆ రేవునుండి ఏ దిక్కునకు, ఎన్ని కిలోమీటర్ల దూరమున, ఎంత లోతున అని చెప్పుదురు. అదియు ఆయా తీరముల భాషలలో, మనకు తెలుగులో. దిక్కు, దూరము, లోతు – ఈ మూడును జాలరి తాతముత్తాతలనాటినుండి అడుగుచున్న ప్రశ్నలే. ఆకాశమునుండి వచ్చిన జవాబు రేవులో పుట్టిన ప్రశ్న రూపమును ధరించినది.

ఇంకను పాత కథ యొకటి గలదు. పుదుచ్చేరికి సమీపమున వీరాంపట్టణమను జాలరి గ్రామమున్నది. చెన్నపట్టణములోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు 1998లో పుదుచ్చేరి పల్లెలయందు సమాచార కేంద్రములు పెట్టనారంభించిరి. ముందుగా ఊరివారిని మీకేమి తెలియవలెనని అడిగిరి. సముద్రముమీదికి పోవువానికి తెలియవలసినది అలల ఎత్తు. అమెరికా నౌకాదళమువారు ఇంటర్నెట్టులో ప్రకటించు అలల సూచనలను కేంద్రమునందు దింపుకొని, చదివి, ఒడ్డున కట్టిన లౌడ్‌స్పీకరులో తమ భాషలో వినిపించుచుండిరి. పడవ దింపుచున్నవాడు కంప్యూటరును ముట్టనక్కరలేదు. చెవి యొగ్గిన చాలును. తెర ఒక్కటే ద్వారము కాదని, వినుటయు ద్వారమేయని రేడియో శ్రోతలైన మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇవి ప్రజాసేవకై ఏర్పడిన సంస్థల పనులు. వ్యాపారి సొమ్ము గడింపవలె గదా, వానికీ నీతి చెల్లునా యని మీరడుగవచ్చును. దానికి ఒక తెలుగువాని కథయే సమాధానము. 2005 దీపావళికి బెంగుళూరులో ఇంజనీరుగానున్న ఫణీంద్ర సామ అను యువకుడు హైదరాబాదుకు పోవలెనని బస్సు టిక్కెట్టునకై ఏజెంట్ల దుకాణములు తిరిగెను. టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగానున్నదో చెప్పగలవాడు ఊరిలో లేడని అతడు గ్రహించెను. ఒక్కొక్క ఏజెంటు తనకు తెలిసిన కొందరు బస్సుల యజమానులకు ఫోను చేయును. ఎచటనో సీటు ఖాళీగా పోవుచుండును, ఇచట ప్రయాణికుడు ఉసూరుమని తిరుగుచుండును. ఫణీంద్రయు, పిలానీలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులును కలిసి దీనికి సాఫ్ట్‌వేరు చేయబూనిరి.

మొదట వారు బస్సుల యజమానులకు ఉపయోగపడునని తలంచి సాఫ్ట్‌వేరు సిద్ధపరచిరి. యజమానులు దానిని కోరలేదు. వారి మాట విని ముగ్గురును దారి మార్చుకొనిరి. మీకు సాఫ్ట్‌వేరు వలదేని, మాకు కొన్ని సీట్లిండు, మేము అమ్మిపెట్టెదమనిరి. 2006లో రెడ్‌బస్ అను పేరుతో అమ్మకము మొదలయ్యెను. తెరమీద బస్సు లోపలి సీట్ల పటము కనబడును. కిటికీ ప్రక్కనున్నది ఏది, స్త్రీలకు కేటాయించినది ఏది, నిండినది ఏది చూచి ప్రయాణికుడే యెన్నుకొనును. నమ్మకము కుదిరిన తరువాత యజమానులకు వారికి తగిన సాఫ్ట్‌వేరును సైతము ఇచ్చిరి. 2013లో ఐబిబో సంస్థవారు ఆ వ్యాపారమును కొనిరి. ఫణీంద్ర అటు పిమ్మట తెలంగాణ రాష్ట్రమునకు ముఖ్య నవకల్పనాధికారిగాను పనిచేసెను. ఇందులో నాకు నచ్చిన ఘట్టము ధనము వచ్చినది కాదు. తాము చేసిన వస్తువును ఎదుటివాడు వలదన్నపుడు “వానికి తెలియదు” అనక, “మనకు తెలియనిది ఏమి?” అని తమ్ము తాము ప్రశ్నించుకొనుట.

ఇట్టి వ్యాపారమున ఒక చిక్కు గలదు. వెల యిచ్చువాడు ఒకడు, వాడువాడు మరియొకడు కావచ్చును. ఆఫీసు పెద్ద సాఫ్ట్‌వేరు కొనును, గుమాస్తా దానితో తంటాలుపడును. నా శిష్యుని విషయమునను ఇదియే జరిగినది. నాటి ఉదయము పడవమీద ఎనిమిదవ లోపము కూడ బయటపడెను. జాలరి తన బాకీ యెంతయో చూడవలెనని మీట నొక్కగా, వర్తకుని అనుమతి వచ్చువరకు ఆగుమని తెర చెప్పెను. “మరి ఆయన పుస్తకానికీ దీనికీ తేడా ఏంది?” అని అతడు ఫోనును శిష్యుని ఒడిలో పెట్టెను. అంతవరకు తడి చేతులును, ఎండయు, మాటలును అడ్డమనుకొంటిమి. అసలు అడ్డము ఇది. ఆరు నెలలు ఎవ్వరును వాడకపోవుట చదువులేమి కాదు, వివేకము.

తిరిగి వచ్చునపుడు శిష్యుడు మాటలాడలేదు. వాని కష్టము నాకు తెలియును. ఆ యనుమతి తీసివేసినచో వెల యిచ్చు వర్తకుడు పోవును. ఇంటి అద్దె, ఇద్దరు పనివారి జీతము ఆ సొమ్ములోనివే. నేను సలహా చెప్పలేదు. పదిదినములకు వాడే వచ్చి, లెక్క ఇద్దరికి ఒక్కటిగానే, ఒక్కమారే కనబడునట్లు మార్చితిననెను. అనుకొన్నట్లే ఆ వర్తకుడు మానుకొనెను. కొన్ని నెలలు వాడు చెన్నపట్టణపు కంపెనీలకు చిల్లరపనులు చేసి ఇల్లు గడుపుకొనెను. పిదప వేరొక వర్తకుడు, ఏటేట లెక్కల తగవులతో విసిగినవాడు, ఈ పద్ధతికి సమ్మతించెను. అతనిని చూచి మరికొందరు చేరిరి. తగవు తగ్గుట వర్తకునికిని లాభమేయని వానికి తెలియుటకు కొంత కాలము పట్టినది.

సాఫ్ట్‌వేరును కూడ వాడు మొదటినుండి తిరుగ వ్రాసెను. ఇప్పుడు తెరమీద పెద్ద బొమ్మలు మూడే. తట్ట బొమ్మ నొక్కి నోటితో చెప్పిన చాలును. గట్టు చేరి సంకేతము దొరకువరకు ఫోను తనలోనే దాచుకొనును. పేరునకు ఒకే గడి. ‘నిష్క్రమింపుము’ పోయి ‘చాలు’ వచ్చినది. సరుకు గట్టుకు చేరు వేళ, ఉదయము ఆరింటినుండి తొమ్మిదింటివరకు, వచ్చిన ఫోనులకు తానే జవాబు చెప్పును. ఆ ఫిర్యాదులే తనకు పాఠములని వాడనుచుండును. ఒకే ప్రశ్న మూడుమారులు వచ్చినచో, జవాబు చెప్పుట మాని, ఆ ప్రశ్న పుట్టిన చోటును దిద్దును. గురువునకును ఇది వర్తించును. ఒకే తప్పు పదిమంది పిల్లలు చేసినచో దిద్దవలసినది పలకలు కావు, పాఠము.

ఈ వృత్తిలోనున్న యువకులు ఎవరైన వినుచున్నచో వారికి రెండు మాటలు. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. జాకబ్ నీల్సెన్ అను నిపుణుడు 2000లో వ్రాసిన యొక వ్యాసమున, ఐదుగురిచేత వాడించి చూచినచో లోపములలో అధికభాగము బయటపడుననియు, ఒక్కమారు పదునైదుగురిని పిలుచుటకంటె ఐదుగురితో చూచి, దిద్ది, మరల వేరొక ఐదుగురితో చూచుట మేలనియు చెప్పెను. మీ స్నేహితులను కాక, ఆ పని నిజముగా చేయువారిని, ఆ పని జరుగు చోటనే చూడుడు. చూచునపుడు నేర్పకుడు. అతడు తడబడిన చోట మీ చేయి ముందుకు పోవును, నోరు తెరుచుకొనును. అప్పుడు మౌనముగానుండుట కష్టము. ముప్పది యేండ్లు పాఠము చెప్పిన నాకును కష్టమయ్యెను. కాని ఆ తడబాటే మీరు వెదకివచ్చిన ధనము.

మరి వాడుకరులమైన మనకును ఒక మాట. ఫోనులో ఒక పని సాగనపుడు, “నేను పాతకాలపువాడను, నాకు తెలియదు” అని తలవంచుకొనకుడు. చేసినవానికి చెప్పుడు. కుండ కారుచున్నచో నీళ్లు పోసినవానిది తప్పని కుమ్మరి అనడు.

మొన్న సంక్రాంతికి నేను రేవుకు పోయితిని. ఆ పడవవాడు నన్ను చూచి, తడి చేయి తుడుచుకొని, ఫోను తెచ్చి నా ముందు పెట్టెను. ఏడాది లెక్క. జమ ఎంత, బాకీ ఎంత, పడవకెంత, వలకెంత. “అద్దం చెప్పింది సరే, మీరూ ఒకసారి చూడండి. సరిగా ఉందా అయ్యవారూ?” అనెను. నేను కళ్లజోడు పెట్టుకొని, పై వరుసనుండి క్రింది వరుసవరకు, నెమ్మదిగా కూడి చూచితిని. తొందరపడలేదు. ముప్పదియైదేండ్ల క్రిందట చేయవలసిన పని అది.

“సరిగానే యున్నది నాయనా” అంటిని. “నీ లెక్క ఏనాడును తప్పలేదు.”